ఎవరి అల, ఎవరి ప్రాణం

మా అన్నయ్య విశాఖలో ఓడల ఇంజన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. నీటి మీద పందెం అంటే ఇప్పటికీ చెవి కోసుకుంటాడు. మా అమ్మాయి ప్రమాద పరిహారం కేసులు వాదించే లాయరు. 2018 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పవర్‌బోటు పందెం జరిగినప్పుడు మొదలైన గొడవ ఈ ఇద్దరిదీ. ఎప్పుడు కలిసినా ఏదో ఒక పూట అది మళ్లీ లేస్తుంది. మొన్న సంక్రాంతికి లేచినప్పుడు నేను కాగితం, కలం పెట్టుకుని కూర్చున్నాను. దెప్పిపొడుపులు చాలావరకు తీసేశాను, వాదన ఉంచాను. నా మొగ్గు ఎటో దాచలేదు, నోరు చేసుకున్నచోట తెలిసిపోతుంది.

పెదనాన్న: ముందు ఒక్కటి ఒప్పుకో అమ్మాయ్. పందెంలో దిగేవాడు తెలిసే దిగుతాడు. వాడి ప్రాణం, వాడి ఇష్టం. ఎవరెస్టు ఎక్కేవాడికి దండలు వేస్తారు, వీణ్ణి మాత్రం బోనులో నిలబెడతావు నువ్వు.

అమ్మాయి: వాడి ప్రాణం ఒక్కటే అయితే నాకు పేచీ లేదు పెదనాన్నా. 1930 జూన్ 13న ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు మీద హెన్రీ సెగ్రేవ్ గంటకు 98 మైళ్లు దాటి రికార్డు కొట్టాడు. అంతటితో ఊరుకోక ఇంకో పరుగు తీశాడు. బోటు తిరగబడింది. సెగ్రేవ్ పోయాడు. బోటులో ఉన్న రోల్స్ రాయిస్ ఇంజనీరు విక్టర్ హాలివెల్ కూడా పోయాడు. ఆయన రికార్డు కోసం ఎక్కలేదు, ఇంజన్ ఎలా నడుస్తోందో చూడటానికి ఎక్కిన ఉద్యోగి. సెగ్రేవ్ పేరు మీద ఇవాళ్టికీ ట్రోఫీ ఇస్తారు. హాలివెల్ పేరు ఎవరికి గుర్తుంది?

పెదనాన్న: నాకు గుర్తుంది. నేను ఇంజన్ గది మనిషిని, మావాళ్ల పేర్లు మరిచిపోను.

అమ్మాయి: మీకొక్కరికే.

పెదనాన్న: సరే, ఒంటరిగా దిగినవాణ్ణే తీసుకో. డొనాల్డ్ కాంప్‌బెల్. 1964లో, ఒకే ఏడాదిలో, నేల మీదా నీటి మీదా రెండు ప్రపంచ వేగ రికార్డులూ కొట్టిన మనిషి అతనొక్కడే. నీటి రికార్డయితే ఆ ఏడాది ఆఖరి రోజున కొట్టాడు, ఆస్ట్రేలియాలో డంబుల్‌యంగ్ సరస్సు మీద, గంటకు 276 మైళ్లు. 300 దాటాలని అదే బోటుతో, బ్లూబర్డ్ కె7తో, 1967 జనవరి 4న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సులో దిగాడు. మొదటి పరుగు 297 వచ్చింది. ఇంక మూడంటే మూడు మైళ్లు!

అమ్మాయి: రెండో పరుగు సంగతి?

పెదనాన్న: రికార్డు లెక్కకు రావాలంటే అటొకటి, ఇటొకటి, రెండు పరుగులు తియ్యాలి. రెండింటి సగటు చూస్తారు. మొదటి పరుగు అయ్యాక అటు చివర ఆగి, ఇంధనం పోసుకుని, నీళ్లు సద్దుమణిగేదాకా కూర్చోవాలి. ఆవేళ కాంప్‌బెల్ ఆగలేదు. వెంటనే తిరుగుముఖం పట్టాడు. తన బోటు లేపిన అలలు ఇంకా సరస్సులో ఉన్నాయి. వేగం 300 దాటింది, ముక్కు లేచింది, బోటు గాల్లో పల్టీ కొట్టి ముక్కలయింది. అలల వల్లనా, ఇంజన్ దెబ్బతిన్నదా అని ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. బోటును, మనిషిని పైకి తీసింది 2001లో.

అమ్మాయి: చచ్చినవాడి కళ్లు చారెడు. ‘ఆగలేదు’ అని ఒక్క మాటతో దాటేశారు మీరు. నా కోర్టులో అయితే కేసంతా ఆ ఒక్క మాట దగ్గరే నడుస్తుంది. ఎవరూ ఆగమని ఎందుకు చెప్పలేదు? నీళ్లు సద్దుమణిగాయా లేదా చూసి జెండా ఊపే మనిషి ఒకడు ఎందుకు లేడు? బోటు నడిపేవాడూ తనే, వెళ్లొచ్చని తేల్చేవాడూ తనే.

(ఇక్కడ నేను కలగజేసుకున్నాను. రైల్లో డ్రైవరూ గార్డూ వేరే వేరే మనుషులు కదా అన్నాను. అన్నయ్య నా వంక చూసి కాఫీ తెమ్మన్నాడు.)

పెదనాన్న: ఆ రోజుల్లో అలాగే ఉండేది. ఆ మనుషులూ అలాంటివాళ్లే.

అమ్మాయి: అలల సంగతి ఆ ఒక్కడిదే కాదు. 1952లో స్కాట్లండులోని నెస్ సరస్సులో జాన్ కాబ్, జెట్ ఇంజన్ బోటు, 200 మైళ్లు దాటిన వేగం. అలల మీదికి వెళ్లి ముక్కలయిందనే చాలామంది రాశారు. 1987 ఆగస్టులో ఇంగ్లండుకు దక్షిణాన వైట్ ద్వీపం దగ్గర సముద్రపు పందెం. ఫెరారీ కారు నడిపిన డిడియే పిరోనీ, ఇంకో ఇద్దరు. దారిన పోతున్న చమురు ట్యాంకరు లేపిన అలకు బోటు లేచి తిరగబడింది, ముగ్గురూ పోయారు. కాంప్‌బెల్‌ది తన అల, పిరోనీది పరాయివాడి అల. నేల మీద వెళ్లిపోయిన బండి దారిలో ఏమీ వదలదు. నీటి మీద వెళ్లిపోయిన బోటు వెనక గోడలు వదిలి పోతుంది. అది తెలిసీ 150 కిలోమీటర్ల వేగంతో, ఓడలు తిరిగే నీళ్లలో పందెం పెట్టినవాడిది ఏ ధైర్యం?

పెదనాన్న: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. పందెం దారిలో ట్యాంకరు ఉండకూడదు. కానీ ముక్కు ఎందుకు లేస్తుందో నువ్వు తెలుసుకోవాలి, లేకపోతే ఏది ప్రమాదమో ఏది పిచ్చో నీకు తేడా తెలియదు. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. నీళ్లను చీల్చుకుంటూ పోతే ఎంత ఇంజన్ పెట్టినా వేగం రాదు. అందుకే పందెం బోటు నీళ్లలో ఉండదమ్మా, నీళ్ల మీద రెండు మూడు చోట్ల మాత్రం తాకుతూ పోతుంది. అడుగునంతా గాలి మోస్తుంది. అంటే అది సగం విమానం. విమానానికి తోక ఉంది, రెక్కలు తిప్పే పైలట్ ఉన్నాడు. ఇలాంటి చాలా బోట్లకు అవి లేవు. ముక్కు ఒక మోస్తరు కోణం దాటి లేచిందంటే కింద దూరే గాలి ఇంకా లేపుతుంది, లేచిన కొద్దీ ఇంకా గాలి దూరుతుంది. ఆ తర్వాత డ్రైవరు చెయ్యగలిగింది ఏమీ లేదు. రెప్పపాటులో వెల్లకిలా పడుతుంది.

అమ్మాయి: ఆ వేగంతో పడితే నీళ్లు కాంక్రీటులా తగులుతాయి కదా?

పెదనాన్న: తగులుతాయి. విచిత్రం ఏమిటంటే పాతకాలం డ్రైవర్లు దీన్ని నమ్మేవారు కారు. తెరిచిన కాక్‌పిట్‌లో, బెల్టు కట్టుకోకుండా కూర్చునేవారు. బోటు తిరగబడితే ఎగిరి అవతల పడతాం, నీళ్లే కదా, ఈదుకుంటూ వస్తాం అనేవారు. బెల్టు కట్టుకుంటే బోటుతో పాటు మునిగి చస్తామని వాళ్ల భయం. మరీ కొట్టిపారేసే భయం కాదు అది. 1990 అక్టోబరులో మొనాకో దగ్గర సముద్రంలో స్టెఫానో కాజిరాఘి పోయినప్పుడు పక్కన కూర్చున్న సహచరుడు ఎగిరి అవతల పడి బతికాడు.

అమ్మాయి: కాజిరాఘి మొనాకో రాకుమారి కరోలిన్ భర్త. ముప్ఫై ఏళ్లు. ముగ్గురు పసిపిల్లలు. అప్పటికి ఏడాది ముందే ప్రపంచ చాంపియన్. అంత పేరున్నవాడు పోయాకే కదా సముద్రపు పందేల్లో కాక్‌పిట్‌కు మూత, మనిషికి బెల్టు అని గట్టిగా మొదలుపెట్టింది? మరి పేరు లేనివాళ్లు పోయినప్పుడు?

పెదనాన్న: అమెరికావాళ్లు అంతకుముందే మొదలుపెట్టారు.

అమ్మాయి: ఎంత ముందో నేను చెప్తాను. 1966 జూన్ 19, ఆదివారం. వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద ప్రెసిడెంట్స్ కప్పు హైడ్రోప్లేన్ బోట్ల పందెం. రాన్ మస్సన్ బోటు గాల్లోకి లేచి పడింది, అతను పోయాడు. పందెం ఆపారా? ఆపలేదు. అదే మధ్యాహ్నం ఇంకో దఫాలో రెక్స్ మాంచెస్టర్, డాన్ విల్సన్ ఇద్దరూ పోయారు. రెండు వారాలకు డెట్రాయిట్‌లో చక్ థాంప్సన్. ఆ తర్వాత 1981లో మెక్సికోలోని అకపుల్కోలో బిల్ మన్సీ, 1982లో కొలంబియా నది మీద డీన్ చెనోవెత్. ఇద్దరి బోట్లూ మీరు చెప్పినట్టే ముక్కు లేచి పడ్డాయి. ‘మిస్ బడ్వైజర్’ బోటు మీద ఎఫ్-16 యుద్ధ విమానం కాక్‌పిట్ మూత బిగించింది 1986లో. ఇరవై ఏళ్లు పెదనాన్నా! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు అందామంటే, ఆకులు వెతకడానికే ఇరవై ఏళ్లు పట్టింది.

పెదనాన్న: ఇరవై ఏళ్లు ఊరికే కూర్చోలేదు. మూత వేస్తే మనిషి దెబ్బలు తగిలి చావడు, కానీ బోటు బోర్లా పడి నీళ్లు నిండితే ఊపిరాడక చస్తాడు. ఒక చావు తప్పించి ఇంకో చావు తెచ్చిపెట్టే మూత ఎందుకు? అందుకే మూత ఒక్కటే సరిపోలేదు. బోటు ముక్కలైనా మనిషి కూర్చున్న గూడు ముక్కలు కాకూడదు. అందులో ఊపిరికి గాలి సీసా ఉండాలి. బోటు బోర్లా పడితే బయటికి రావడానికి అడుగున తలుపు ఉండాలి. వీటన్నిటికంటే ముందు డ్రైవరుకు తలకిందులుగా నీళ్లలో ముంచి పరీక్ష పెట్టాలి. కుర్చీకి కట్టేసి కొలనులో బోర్లా తిప్పుతారు. చీకట్లో బెల్టు విప్పుకుని, తలుపు వెతుక్కుని బయటికి రావాలి. రానివాడికి పందెంలో చోటు లేదు. ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. ఐరోపా ఫార్ములా వన్ బోట్లలో 1984 సీజనులో డ్రైవర్లు వరసగా పోయాక క్రిస్ హాడ్జెస్ లాంటివాళ్లు ఈ గూడు మీద పడి పనిచేశారు. కృష్ణలో నువ్వు చూసిన బోట్లలో ఉన్నది ఆ గూడే. వాటికి బ్రేకులు లేవు, గేర్లు లేవు, 200 కిలోమీటర్లు దాటి పోతాయి. అయినా డ్రైవరు బతుకుతున్నాడంటే దాని చలవే.

అమ్మాయి: 2011లో ఫ్లారిడాలో కీ వెస్ట్ పందేల్లో ఒక్క వారంలో ముగ్గురు పోయారు. అప్పటికి ఇవన్నీ ఉన్నాయిగా?

పెదనాన్న: పోయారు. ఎవరూ పోరని నేను అనలేదు. 2025 ఏప్రిల్లో అరిజోనాలో హవాసు సరస్సు మీద ఒక బోటు గంటకు 200 మైళ్లు దాటి, గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి పడింది. లోపలున్న ఇద్దరూ బతికి బయటికొచ్చారు. కాంప్‌బెల్ బోటులో కూర్చుని ఉంటే ఆ ఇద్దరూ దక్కేవాళ్లా? ఏ ఆటలో అయినా నేర్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

అమ్మాయి: నేర్చుకున్నది పందెంవాళ్లు. పాఠానికి ఫీజు కట్టిందీ వాళ్లే, అది ఒప్పుకుంటాను. మరి ఆ వేగాన్ని చూసి ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లు? ఇంజన్ దొరుకుతుంది. గూడు దొరకదు, ముంచి పెట్టే పరీక్ష ఉండదు. మీ పందేలకు ప్రాయోజకులు ఎవరు? ఇంజన్లు, బోట్లు అమ్మే కంపెనీలే ముందు వరసలో ఉంటాయి. ఆదివారం పందెం చూపించి సోమవారం అమ్ముతారు.

పెదనాన్న: అంటే రికార్డులు కొట్టొద్దు, పందేలు పెట్టొద్దు అంటావు. కెన్ వార్బీ పేరు విన్నావా? ఆస్ట్రేలియావాడు. సిడ్నీలో ఇంటి పెరట్లో బోటు కట్టాడు. పాత విమానాల నుంచి తీసేసిన జెట్ ఇంజన్ పెట్టాడు. 1978 అక్టోబరు 8న గంటకు 511 కిలోమీటర్లు పోయాడు. ఇవాళ్టికీ ఆ రికార్డు కదల్లేదు. పోనీ ప్రాణం పోగొట్టుకున్నాడా అంటే, అదీ లేదు. 2023 దాకా నిక్షేపంలా బతికాడు. ఆ పెరటి మనిషిని చూస్తే నాకు ఇంజనీరునైనందుకు గర్వంగా ఉంటుంది. నువ్వేమైనా అను.

అమ్మాయి: ఏమీ అనను. ఆ రికార్డు ఎందుకు కదల్లేదో మాత్రం అడుగుతాను. 1980లో లీ టేలర్ టాహో సరస్సులో రాకెట్ బోటుతో దిగి పోయాడు. 1989లో క్రేగ్ ఆర్ఫన్స్ ఫ్లారిడాలో రికార్డు ప్రయత్నంలోనే పోయాడు. వార్బీ బతికాడు కాబట్టి మీకు వార్బీ కనిపిస్తున్నాడు.

(అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. ఇంత సూటి దెబ్బ నేను కొట్టలేను. అయితే వార్బీ మీద అన్నయ్యకున్న ముచ్చట అబద్ధం కాదు, దాన్ని అమ్మాయి అంత తేలిగ్గా తీసేయకుండా ఉండాల్సింది.)

పెదనాన్న: సరే, జనం సంగతికి రా. నీ అసలు కేసు అది.

అమ్మాయి: 2013 మే 5, ఇంగ్లండులో ప్యాడ్‌స్టో. సెలవు రోజు. అమ్మ, నాన్న, నలుగురు పిల్లలు స్పీడ్‌బోటులో ఉన్నారు. బోటు వేగం మీద మలుపు తిరిగింది, ఆరుగురూ నీళ్లలో పడ్డారు. బోటు మాత్రం ఆగలేదు. మనిషి లేకుండా, ఇంజన్ అదే వేగంతో, గుండ్రంగా తిరుగుతూ మళ్లీ మళ్లీ వాళ్ల మీదికే వచ్చింది. నాన్న, ఎనిమిదేళ్ల కూతురు పోయారు. తక్కినవాళ్లలోనూ ఘోరంగా దెబ్బతిన్నవాళ్లున్నారు. విచారణలో ముఖ్యంగా తేలింది ఇది. డ్రైవరు ఒంటికి తగిలించుకోవాల్సిన తాడు తగిలించుకోలేదు.

పెదనాన్న: కిల్ కార్డ్. మెలికలు మెలికలుగా ఎర్రగా ఉంటుంది. ఒక కొస స్విచ్చికి, ఒక కొస డ్రైవరు కాలికో నడుముకో. మనిషి పడితే తాడు లాగుతుంది, స్విచ్చి ఊడుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. అంతే పని. అది లేకపోతే ఏమవుతుందంటే, స్టీరింగు వదిలేసిన క్షణం ప్రొపెల్లర్ తిరిగే ఊపుకు బోటు ఒక పక్కకు ఒరిగి సుడిలా తిరగడం మొదలుపెడుతుంది. ఎక్కడ పడ్డావో అక్కడికే వస్తుంది. పారిపోదామన్నా ఎటు? అమ్మాయ్, నా చేతులతో ఎన్ని ఇంజన్లు విప్పి బిగించానో లెక్కలేదు కానీ, అంత చవకగా అంత మంది ప్రాణాలు కాపాడే సామాను ఇంకోటి చూడలేదు. ఆ తాడు తగిలించుకోనివాడి మీద నాకు నీకంటే ఎక్కువ కోపం.

అమ్మాయి: అమెరికాలో 26 అడుగులకు లోపు బోట్లకు అది తగిలించుకు తీరాలని నియమం పెట్టింది 2021 ఏప్రిల్ 1 నుంచి. పందెం డ్రైవరుకు మూత 1986లో వస్తే, పిల్లల్ని ఎక్కించుకునే నాన్నకు తాడు నియమం రావడానికి మరో ముప్ఫై అయిదేళ్లు. ఆ దేశపు కోస్ట్ గార్డు లెక్క చూడండి. 2023లో వినోదపు బోట్ల ప్రమాదాల్లో 564 మంది పోయారు. చావుకు కారణం తెలిసినవాళ్లలో నూటికి 75 మంది మునిగి పోయినవాళ్లే. అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. తెలిసిన కారణాల్లో మొదటిది మందు.

పెదనాన్న: నీ లెక్కే నీకు ఎదురు తిరుగుతోంది చూడు. మందు, జాకెట్ లేకపోవడం, తాడు లేకపోవడం. ఇందులో వేగం ఎక్కడుంది? మన దగ్గరికి రా. 2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. చాలామంది ఒంగోలు నుంచి వచ్చిన వాకర్స్ క్లబ్బువాళ్లు. అది స్పీడ్‌బోటా? పరిమితికి మించి ఎక్కించిన మామూలు బోటు, అనుమతి లేదు, ఒంటి మీద జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15, గోదావరిలో కచ్చులూరు. వరద మీదున్న నదిలో లాంచీ మునిగి దాదాపు యాభైమంది. అదీ నెమ్మదిగా పోయే లాంచీయే. వేగాన్ని బోనెక్కిస్తే అసలు ముద్దాయి తప్పించుకుంటాడు.

అమ్మాయి: పవిత్ర సంగమం ప్రమాదం జరిగిన ఏడాదికి, అదే కృష్ణలో, కొంచెం దిగువన, పున్నమి ఘాట్ దగ్గర, మీ ఫార్ములా వన్ పందెం. డ్రైవర్ల కోసం రెస్క్యూ బోట్లు, గజ ఈతగాళ్లు, డాక్టర్లు. మలుపు మలుపుకూ కాపు. నేను ఘాట్ మెట్ల మీద నిలబడి చూశాను పెదనాన్నా. ఒక డ్రైవరు పడితే క్షణాల్లో చేరుకునే ఏర్పాటు. ఏడాది ముందు అదే నీళ్లలో పడ్డ ఒంగోలు వాళ్లను మొదట అందుకున్నది అక్కడ చేపలు పట్టుకునేవాళ్లు. పందెం తప్పని నేను అనడం లేదిప్పుడు. పందేనికి చెయ్యగలిగింది రేవుకు ఎందుకు చెయ్యలేదు అంటున్నాను.

పెదనాన్న: ఇది మొదటే అని ఉంటే ఇంత కాఫీ ఖర్చయ్యేది కాదు.

అమ్మాయి: వేగాన్ని మాత్రం వదలను. 2024 డిసెంబరు 18, ముంబై. గేట్‌వే నుంచి ఎలిఫెంటా గుహలకు ‘నీల్ కమల్’ ఫెర్రీ వందమందికి పైగా ఎక్కించుకుని పోతోంది. నౌకాదళం వాళ్లు ఇంజన్ పరీక్ష చేస్తున్న స్పీడ్‌బోటు అదుపు తప్పి వచ్చి గుద్దింది. పదిహేనుమంది పోయారు. ఫెర్రీలో ఉన్నవాళ్లు ఏ పందేనికీ పేరివ్వలేదు. వాడి ప్రాణం, వాడి ఇష్టం అని మొదట అన్నారే, ఆ మాట ఇక్కడ అనండి చూద్దాం.

పెదనాన్న: అనను. ఇంజన్ పరీక్ష చెయ్యాలంటే మనుషులు లేని నీళ్లు చూసుకోవాలి. పందెంలో అది మొదటి నియమం. దారి ఖాళీ చెయ్యకుండా జెండా ఊపరు. కాంప్‌బెల్‌ను ఆగమనేవాడు లేడన్నావు, అక్కడా లేడు. వేగం తప్పు కాదు, ఆగమనేవాడు లేని వేగం తప్పు. కచ్చులూరు తర్వాత 2020లో మన నదుల మీద బోట్లకు కంట్రోల్ రూములు పెట్టారు, ఆ ఆలోచన మంచిదే. అక్కడ కూర్చున్నవాడు సరంగును ఆగమంటే సరంగు ఆగాలి. వెనకనుంచి ఎవరు ఫోను చేసినా సరే.

అమ్మాయి: ఫోను చేసేవాళ్ల సంగతి నా వృత్తిలో నాకు బాగా తెలుసు. అది ఇంకో పండక్కి పెట్టుకుందాం.

ఇద్దరూ అన్నం దగ్గరికి లేచారు. రాజీ పడ్డారని నేను రాయను. అన్నయ్య అలమరలో వార్బీ బోటు ఫొటో అలాగే ఉంది, అమ్మాయి ఆ ఫొటోను ఇప్పటికీ ఎగాదిగా చూస్తుంది. తీర్పు చెప్పమంటే నాది అమ్మాయి పక్షం, కాకపోతే అన్నయ్య చెప్పిన తాడు చేతిలో పట్టుకుని. పందెం డ్రైవరుకు కాపలా కాసేందుకు ఒక సంఘం ఉంది, నియమాల పుస్తకం ఉంది. రేవులో టిక్కెట్టు కొన్న మనకు మన నోరే ఉంది. ఈ వేసవికి పాపికొండలకో భవానీ ద్వీపానికో సముద్రపు ఒడ్డు స్పీడ్‌బోట్లకో పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు దయచేసి మొహమాటపడకండి. జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. ఇచ్చినదాన్ని ఒళ్లో పెట్టుకోకుండా బకిల్ బిగించి వేసుకోండి. స్పీడ్‌బోటు నడిపేవాడి ఒంటికి ఎర్ర తాడు తగిలించి ఉందో లేదో చూడండి. లేకపోతే డబ్బు పోయినా సరే, దిగిపోండి.